చెరువు తెలిసినోడు పట్నానికి పాఠం చెప్పిండు

ఆర్కిటెక్ట్ అంటే ఎవరని మన ఊర్ల అడిగితే ఒక్కటే జవాబు వస్తది. పైసలున్నోళ్లకు బంగ్లా నక్ష గీసిచ్చేటాయన అని. మరి పర్యావరణం చూసేటోళ్లు ఎవరయా అంటే, జూన్ 5 నాడు మొక్క నాటి ఫొటో దిగేటోళ్లు అని నవ్వుతరు. ఈ రెండు పనులు ఒక్క మనిషే చెయ్యొచ్చని, అదీ ఒక్క ఆసామి కోసం కాకుండ ఊరందరి కోసం చెయ్యొచ్చని, అట్ల చేసుకుంట బతకొచ్చని మనల చానమందికి తెల్వదు.

అసొంటి పని ఉన్నది తమ్ముండ్లారా, చెల్లెండ్లారా. పదిమందికి అక్కరకొచ్చే జాగలు కట్టుడును ప్రజాహిత ఆర్కిటెక్చర్ అంటరు. నేలను, నీళ్లను, చెట్లను కలిపి నక్ష గీసుడును ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ అంటరు. ఆ జాగల కప్ప, చేప, పిట్ట, గడ్డిపోచ అన్నీ బతికేటట్టు చూసుడు జీవవైవిధ్య రక్షణ. ఈ మూడింటిని ఒక్క తాడుకు పేనిన మనిషి గురించి ఇయ్యాల చెప్త. ఆయన పేరు యూ కాంగ్‌జియాన్. చైనా దేశపు రైతుబిడ్డ. 2025 సెప్టెంబర్ 23న బ్రెజిల్‌ల పంటనాల్ అనే పెద్ద చిత్తడి నేలల కాడ చిన్న విమానం కూలి చనిపోయిండు. ఆయన పని మీద సినిమా తీస్తున్న ఇద్దరు, విమానం నడిపేటాయన కూడ ఆయనతోనే పోయిండ్రు.

నేను ఆర్కిటెక్చర్ కాలేజీ గడప తొక్కినోన్ని కాదు. చెరువు శిఖాల కబ్జాల మీద కొట్లాడుకుంట, దొరికిన కాయితం దొరికినట్టు సదువుకుంట నేర్చుకున్నోన్ని. అందుకే ఈయన కథను కాలేజీ మాటలల్ల కాకుండ మన మాటలల్ల చెప్త.

బర్లు కాసిన పోరడు

యూ 1963ల జెజియాంగ్ రాష్ట్రం జిన్హువా దగ్గర డాంగ్‌యూ అనే పల్లెల పుట్టిండు. వరి పండే ఊరు. చిన్నప్పుడు బర్లను కాసిండు, పొలం పని చేసిండు. ముందటి తరంల వాళ్ల ఇంటోళ్లు భూస్వాములని, సాంస్కృతిక విప్లవం నాడు ఆ ఇంటిని బాగ సతాయించిండ్రు.

పదేండ్ల వయసుల ఊరి వాగుకు వరదొచ్చి ఆ పోరడు నీళ్లల్ల పడ్డడు. ఒడ్డు మీద నీటివంచి చెట్లు, రెల్లు గడ్డి ఉండె. అవి నీటి దూకుడును తగ్గించినయి. చేతికి దొరికిన కొమ్మను పట్టుకొని బయటికొచ్చిండు. అదే వాగుకు ఇయ్యాల్టి లెక్క నున్నటి సిమెంటు గోడలుంటె నేను బతికేటోన్ని కాదని ఆయన పెద్దయినంక చాన సార్లు చెప్పిండు.

ఈ ముచ్చటల సైన్సు ఉన్నది. నున్నటి సిమెంటు కాలువల నీళ్లకు అడ్డం ఉండదు, అందుకని ఉరుకుతయి. ఎంత జోరుగ ఉరికితే కింది ఊరికి అంత దెబ్బ. నేలల ఇంకెతందుకు టైముండదు కాబట్టి బోర్లు ఎండుతయి. చేపకు గుడ్లు పెట్టెతందుకు జాగుండదు, కప్పకు దాసుకునెతందుకు నీడుండదు. అదే ఒడ్డుకు గడ్డి, చెట్టు, వంపు ఉంటె నీళ్లు నిమ్మలంగ పోతయి, కొన్ని ఇంకుతయి, మట్టి కిందికి దిగుతది, దాంట్ల పురుగు, చేప, పిట్ట బతుకుతయి. మనిషి పానం కాపాడేది, పిట్ట పానం కాపాడేది ఒక్కటే ఒడ్డు. యూ జీవితమంత చేసిన పనికి మూలం గిదే.

ముందుగాల ఏడ కట్టొద్దో చెప్పు

17 ఏండ్లకు ఊరు ఇడిసి బీజింగ్ అటవీ విశ్వవిద్యాలయంల చేరిండు. అటెన్క అమెరికాల హార్వర్డ్‌కు పోయి 1995ల డాక్టరేట్ తీసుకున్నడు. కొన్నొద్దులు కాలిఫోర్నియాల కొలువు చేసి, 1997ల చైనాకు తిరిగొచ్చి పీకింగ్ యూనివర్సిటీల పంతులయిండు. 1998ల టురెన్‌స్కేప్ అనే సంస్థ పెట్టిండు. చైనా భాషల తు అంటె మన్ను, రెన్ అంటె మనిషి. పట్నంల ఆఫీసు తెరిచి దానికి మట్టిమనిషి అని పేరు పెట్టుకున్నోడు, తన ఊరును దాసుకునే మనిషి కాదు.

హార్వర్డ్‌ల ఆయన చేసిన పరిశోధన ఏందంటే, ఒక ప్రాంతంల ప్రకృతి బతికుండాలంటే ఏ జాగలను అస్సలు ముట్టొద్దో గుర్తుపట్టుడు. మొత్తం నేలను కాపాడుడు అయ్యే పని కాదు, మనుషులు కూడ బతకాలె కదా. కానీ కొన్ని జాగలుంటయి. వాన నీళ్లు వచ్చి నిలిచే పల్లం, ఒక అడివి నుంచి ఇంకో అడివికి జంతువులు దాటే తొవ్వ, వాగు పొంగితే పరుచుకునే మైదానం. ఈ కీలకమైన జాగలు నిలబడితే మిగతాదంత నిలబడతది. వీటిని ఆయన పర్యావరణ భద్రత అల్లిక అన్నడు.

దీని నుంచే తర్వాత తలకిందుల ప్రణాళిక అనే ఆలోచన తెచ్చిండు. మామూలుగ అధికారులు ఏం చేస్తరు? ముందుగాల రోడ్లు, ప్లాట్లు, కాలనీలు గీస్తరు. ఆఖరికి ఏమన్న తుకుడ మిగిలితే అండ్ల పార్కు అని రాస్తరు. యూ దీన్ని తిరగేసిండు. ముందుగాల ఎక్కడ కట్టొద్దో గీయిండ్రి, అటెన్క ఎక్కడ కట్టాల్నో చూద్దాం అన్నడు. మన చెరువులకు ఎఫ్‌టీఎల్ గీత ముందు ఖాయం చేసి, ఆ తర్వాతనే లేఅవుట్‌కు పర్మిషన్ ఇస్తే ఎట్లుంటదో ఆలోచించుండ్రి. గదే ఈ ముచ్చట.

గుంత తవ్వుడు, దిబ్బ పోసుడు

ఆయన పనిముట్లు చూస్తె మీకు నవ్వొస్తది. ఊర్ల రైతు చేసే పనులే. గుంత తవ్వుడు, తవ్విన మట్టిని పక్కకు దిబ్బ పోసుడు, ఒడ్డు పెట్టుడు, మడి కట్టుడు. మట్టి బయటికి మోసుడు లేదు, బయటి నుంచి తెచ్చుడు లేదు. అందుకే ఖర్చు తక్కువ.

తియాన్‌జిన్ నగరంల చియావోయువాన్ పార్కు తీసుకుందాం. 22 హెక్టార్లు, అంటే 54 ఎకరాల జాగ. ఒకప్పుడు తుపాకులు కాల్చుడు నేర్చుకునే మైదానం, తర్వాత చెత్త పోసే కుప్ప. నేలంత చౌడు, మామూలు చెట్టు నాటితే బతకదు. యూ అక్కడ 21 గుంతలు తవ్విచ్చిండు, ఒక్కోటి ఒక్కో లోతు. ఇంత వేరు వేరు లోతులెందుకంటరా? లోతును బట్టి నీళ్లు నిలిచే కాలం మారుతది, మట్టిల ఉప్పు మారుతది. దాన్ని బట్టి ఏ గుంతల ఏ గడ్డి మొలవాల్నో అది మొలుస్తది. కొన్ని విత్తనాలు చల్లిండ్రు, మిగతాది గాలి, పిట్టలు, వాన చూసుకున్నయి. చౌడు నేల రకరకాల గడ్డితోని, నీటి మొక్కలతోని నిండింది. మన కుంటల ఒడ్డు కాడ తుంగ, జర లోపలికి జమ్ము, ఇంకా లోపల తామర ఎందుకుంటదో మన తాతలకు తెలుసు. ఆ తెలివినే ఈయన నక్షల పెట్టిండు.

హార్బిన్ అనే చలి పట్నంల కథ ఇంకోటి. చున్లీ అనే కొత్త కాలనీ కడుతుంటె నడుమ 34 హెక్టార్ల చిత్తడి నేల చిక్కింది. నాలుగు దిక్కుల రోడ్లు పడ్డయి. నీళ్లొచ్చే తొవ్వలు మూసుకపోయి నేల ఎండబట్టింది. యూ నడుమ భాగాన్ని ముట్టుకోలె. చుట్టూ దండ తీరుగ గుంతలు, దిబ్బలు చేసి, కాలనీల పడ్డ వాన నీళ్లను పైపులతోని ఆ గుంతలకు మళ్లించిండు. మురికి గుంతలల్ల దిగుతది, తేట నీళ్లు నడిమి చిత్తడికి చేరుతయి. దిబ్బల మీద బిర్చ్ చెట్లు పెట్టిండు. మనుషులు నడిచి తొక్కకుండ పైనుంచి వంతెన తొవ్వ ఏసిండు. కాలనీకి ముంపు తప్పింది, చిత్తడికి పానం లేచొచ్చింది. ఒక్క పనికి రెండు ఫాయిదాలు.

షాంఘైల 2010 ఎక్స్‌పో కోసం చేసిన హౌతాన్ పార్కుది నీళ్లు కడిగే పని. పాత ఉక్కు ఫ్యాక్టరీ, పడవలు బాగుచేసే యార్డు ఉన్న నేల అది. పక్కన హువాంగ్‌పు నది బాగ మురికి. 1.7 కిలోమీటర్ల పొడుగు మడులు కట్టి, నది నీళ్లను వాటి గుండ పారిచ్చిండు. జమ్ము, రెల్లు వేర్ల మీద ఉండే సూక్ష్మజీవులు, ఆ మొక్కలు కలిసి నీళ్లల్ల ఉన్న నత్రజనిని, భాస్వరాన్ని తింటయి. రోజుకు 2,400 ఘనపు మీటర్ల నీళ్లు, అంటే 24 లక్షల లీటర్లు, నాణ్యతల అట్టడుగు తరగతి నుంచి మూడో తరగతికి వచ్చినయి. మందు పోసుడు లేదు.

సొంత జిల్లా జిన్హువాల రెండు నదులు కలిసే కాడ యాన్‌వెయ్‌జౌ పార్కు చేసిండు. అక్కడున్న సిమెంటు వరద గోడను తీసేసి, మెట్లు మెట్లుగ ఒడ్లు పోసి, వరదను తట్టుకునే గడ్డి పెట్టిండు. వరదొస్తె నీళ్లు లోపలికొస్తయి, పోయేటప్పుడు ఒండ్రు ఇడిసిపోతయి, ఆ ఒండ్రుతోనే గడ్డి ఏపుగ పెరుగుతది. మనుషుల తొవ్వ మాత్రం ఎత్తుల వంతెన మీద. వరద వైరి కాదు సుట్టం, వచ్చినప్పుడు కూసునెతందుకు జాగ ఇయ్యాలె అన్నట్టుంటది ఆ నక్ష.

నాకు అన్నిటికన్న ఇష్టమైంది షెన్‌యాంగ్‌ది. ఒక ఆర్కిటెక్చర్ యూనివర్సిటీకి ఆవరణ గీయమంటె, పూలతోట అడిగినోళ్లకు వరి పొలం ఇచ్చిండు. పొలం నడుమ సదువుకునే బెంచీలు. పిలగాండ్లే నాటేస్తరు, పిలగాండ్లే కోస్తరు. ఆ బియ్యాన్ని వచ్చిపోయేటోళ్లకు కానుకగ ఇస్తరు. మనింట్ల ఏమో పిలగాడు నాటుకు పోతె సదువు చెడిందంటరు.

అందం ఎవరికి, పని ఎవరికి

చైనాల వెనకట పెద్దింటి ఆడపిల్లల పాదాలను గట్టిగ కట్టి చిన్నగ చేసేటోళ్లు. చిన్న పాదమే అందం అనుకునేటోళ్లు. ఆ బిడ్డ సరిగ నడవలేదు, పనికి పోలేదు. యూ మన పట్నాల పార్కులు గట్లనే అయినయి అన్నడు. విదేశీ గడ్డి, కత్తిరించిన పొదలు, పాలరాయి ఒడ్డు, ఫౌంటెను. చూస్తె అందం, పనికి సున్న. పొద్దుమాపు నీళ్లు పొయ్యాలె, మందు కొట్టాలె, మనుషులను పెట్టాలె. ఆయన కోరింది పొలం పని చేసే ఆడిమనిషి పెద్ద పాదం అసొంటి అందం. వరదను ఆపాలె, నీళ్లను కడగాలె, పిట్టకు తిండి పెట్టాలె, మనుషులు నడవాలె.

ఇది చెప్పెతందుకు ఆయన ఊరూరు తిరిగి మేయర్లకు పాఠాలు చెప్పిండు, పెద్ద నాయకులకు ఉత్తరాలు రాసిండు. అభివృద్ధికి అడ్డం పడుతున్నడని, పరాయి దేశపు గూఢచారి అని నిందలేసినోళ్లు ఉన్నరు. చెరువు కోసం మాట్లాడినోనికి ఏ దేశంల అయిన ఇదే సత్కారం.

2012 జూలై 21న బీజింగ్‌ల పెద్దవాన పడి 79 మంది చనిపోయిండ్రు. రాజధానిల మనుషులు మునిగి చచ్చినంక సర్కారుకు చెవులు తెరుచుకున్నయి. 2013 ఆఖరుకు స్పాంజ్ సిటీ, అంటే వానను స్పాంజి లెక్క పీల్చుకొని దాసుకునే నగరం, దేశ విధానం అయింది. 2015ల 16 నగరాలు, మరుసటి ఏడు ఇంకో 14, మొత్తం 30 నగరాలల్ల మొదలువెట్టిండ్రు. 2030 కల్లా నగరాల జాగల 80 శాతం మీద పడే వానల 70 శాతం నీళ్లను అక్కడికక్కడే ఆపుకోవాలె అని లెక్క పెట్టుకున్నరు. 2023ల యూకు ల్యాండ్‌స్కేప్ రంగంల పెద్దదైన ఓబర్‌లాండర్ బహుమతి వచ్చింది.

అయితె ఇది మంత్రం కాదు. 2021 జూలై 20న జెంగ్‌జౌ నగరంల ఒక్క గంటల 201.9 మిల్లీమీటర్ల వాన పడ్డది. మెట్రో రైలు సొరంగంల నీళ్లు సొచ్చి 14 మంది పోయిండ్రు, ఆ వరదల మొత్తం ఆ నగరంలనే 380 మంది చనిపోయిన్రో, ఆచూకీ లేకుంట పోయిన్రో. జెంగ్‌జౌ కూడ స్పాంజ్ పేరు మీద బాగ ఖర్చు పెట్టిన నగరమే. పేరు ఏదైన పెట్టొచ్చు. పల్లం జాగలల్ల కట్టుకుంట పోయి, నడుమ నడుమ నాలుగు పార్కులు చేస్తె వాన ఆగదు. గంటల ఆకాశం చిల్లు పడ్డప్పుడు ముందు హెచ్చరిక, మెట్రో ఆపుడు అసొంటివి కూడ కావాలె. ఇంకోటి, పై నుంచి హుకుం వస్తె పనులు గబగబ అయితయి గానీ ఆ జాగల బతికే జనాన్ని ఎంత అడిగిన్రు అనేది ఏ దేశంలనైన అడగాల్సిన ప్రశ్న.

మన చెరువు కట్ట మీదికెల్లి చూస్తె

యూ మన చెరువులను చూసి నేర్చుకోలె, తన ఊరి చెరువును చూసి నేర్చుకున్నడు. కానీ ఆయన నేల, మన నేల రెండూ వాన కాలాన్ని నమ్ముకున్నయే. కాకతీయుల కాలం నుంచి మనకు గొలుసుకట్టు చెరువులున్నయి. పై చెరువు నిండి మత్తడి దుంకితే కింది చెరువుకు నీళ్లు. తూము కాడ నీరటికాడు, కట్ట కింద పొలం, శిఖంల బర్ల మేత, జమ్ముల పిట్ట గూళ్లు. మిషన్ కాకతీయ 2015ల మొదలైనప్పుడు తెలంగాణల 46 వేలకు పైగ చెరువులు, కుంటలు లెక్కకొచ్చినయి. ప్రతి ఊరికి ఒక స్పాంజి ఉన్నట్టే కదా.

మరి ఇప్పుడు చెరువు బాగు అంటె ఏం చేస్తున్నం? నేను తిరిగిన ఒక చెరువు కాడ సంగతి చెప్త, ఊరు పేరొద్దు. కట్టకు రాయి పరిచిన్రు, లైట్లు పెట్టిన్రు, ఐ లవ్ అని ఇంగ్లిష్ అక్షరాలు నిలబెట్టిన్రు. జమ్మును మిషిన్‌తోని లాగి పారేసిన్రు. చాకలోళ్ల రేవుకు రెయిలింగ్ అడ్డం వచ్చింది, బర్లు దిగే బాట పోయింది. చెరువుకు నీళ్లు తెచ్చే ఒర్రె మాత్రం ప్లాట్ల కింద పూడింది, దాని ఊసు ఎవరు ఎత్తలె. సెల్ఫీ దిగెతందుకు జాగైంది. చెరువేమో ఎండింది. దీన్నే యూ చిన్న పాదం అన్నది.

మంచి గుర్తు కూడ ఉన్నది. సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ చెరువును 2016ల జీవవైవిధ్య వారసత్వ స్థలంగ ప్రకటించిండ్రు. పట్నం నడిమి చెరువుకు అసొంటి గుర్తింపు దేశంలనే మొదటిది. కాయితం మీద గుర్తింపు వస్తె సరిపోదు, కావలి కాయాలె. కానీ కాయితం ఉంటెనే అడిగెతందుకు ఆసరా దొరుకుతది.

మీరు ఏం చెయ్యొచ్చు

సదువుకునెటోళ్లకు ముందు చెప్త. బీఆర్క్ ఐదేండ్ల కోర్సు. ఇంటర్‌ల మ్యాథ్స్ ఉండాలె, కాలేజీని బట్టి నాటా గానీ జేఈఈ మెయిన్ పేపర్ 2 గానీ రాయాలె. హైదరాబాద్‌ల జేఎన్‌ఏఎఫ్‌ఏయూ ఉన్నది, విజయవాడల ఎస్‌పీఏ ఉన్నది. ఆ తర్వాత ల్యాండ్‌స్కేప్ మీద మాస్టర్స్ చెయ్యొచ్చు. బైపీసీ పిల్లలకు సిద్దిపేట జిల్లా ములుగుల ఫారెస్ట్ కాలేజీ ఉన్నది. యూ మొదలైంది కూడ అటవీ విశ్వవిద్యాలయం నుంచే అని యాదికుంచుకోండ్రి. ఇంజినీరింగ్ అంటె సాఫ్ట్‌వేర్ ఒక్కటే అనుకొని గుంపుల పోకుండ్రి.

కాలేజీకి పోనోళ్లకు ఇంతకన్న పెద్ద పని ఉన్నది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి గ్రామ పంచాయతీల జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలె. ఊర్ల ఏమేం చెట్లు, పిట్టలు, చేపలు, పశువులు, పాత విత్తనాలు ఉన్నయో రాసి పెట్టే ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలె. చానా ఊర్లల్ల అది ఉన్నదన్న సంగతి జనానికి తెల్వదు. పంచాయతీకి పోయి చూపియ్యమని అడుగుండ్రి. లేకుంటె మేం రాస్తమని కూసోండ్రి. మీ చేతుల ఫోనుంది, ఫొటో తీయొచ్చు, జాగ గుర్తు పెట్టొచ్చు. నీరటికాని కొడుకును, చేపలు పట్టే ముదిరాజు తాతను, మందులాకు తెలిసిన అవ్వను పక్కన కూసోబెట్టుకోండ్రి. నక్షల ఏ జాగను ముట్టొద్దో చెప్పేది వాళ్లే.

వచ్చే గ్రామసభల మూడు ప్రశ్నలు అడుగుండ్రి. మన చెరువు ఎఫ్‌టీఎల్ గీత ఏడికున్నది, కాయితం చూపియ్యి. చెరువుకు నీళ్లొచ్చే ఒర్రెలు ఎన్ని, అండ్ల ఎన్ని పూడినయి? చెరువు అందం కోసం వచ్చిన పైసలల్ల ఒడ్డు గడ్డికి, చేపకు, బర్ల బాటకు ఎంత పెట్టిండ్రు? జవాబు రాకుంటె సమాచార హక్కు కింద రాసి అడుగుండ్రి. రికార్డుల కెక్కిన ప్రశ్నను మల్ల కొట్టేసుడు కష్టం.

ఒక బర్ల కాపరి పిలగాడు తన ఊరి వాగు నేర్పిన ముచ్చటను పట్టుకొని, హార్వర్డ్‌కు పోయొచ్చి, నగరాలకు నగరాలను ఒప్పిచ్చిండు. మీకు తెలిసిన చెరువు అంతకన్న తక్కువదేం కాదు. కట్ట మీద కూసున్నప్పుడు మత్తడి దిక్కు, ఒర్రె దిక్కు ఒక్కసారి చూడుండ్రి. ఆ నక్షను గీయాల్సినోళ్లు బయటి నుంచి రారు.